ఎముకలోని భాస్వరానికి లెక్క కట్టినవాడు: డా. యల్లాప్రగడ సుబ్బారావు

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి వ్యాసం)

పోయిన ఏడాది సంక్రాంతి ముందు, నూర్పుల రోజుల్లో, మా నాన్నమ్మ కళ్ళంలో పడిపోయింది. చెట్టు మీంచి కాదు, మెట్ల మీంచి కాదు. నిలబడ్డ మనిషి నిలబడ్డ చోటే కూలబడింది. తుంటి ఎముక విరిగింది. ఊరు నుంచి ఆటోలో రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి ఆంబులెన్సులో పట్నానికి చేర్చి ఆపరేషన్ చేయించేసరికి ఆ ఏటి పంట డబ్బు చేతికి రాకుండానే ఖర్చయిపోయింది. ఆపరేషనుకి ముందు రక్తం తీసి పరీక్ష చేశారు. ఆ కాగితం మీద కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని మూడు వరసలున్నాయి. మూడూ ఉండవలసిన హద్దుల్లోనే ఉన్నాయి. నాన్న ఆ కాగితం నా చేతిలో పెట్టి, రక్తంలో అన్నీ సరిగ్గా ఉంటే ఎముక ఎండుపుల్లలా ఎందుకు విరిగిందో చెప్పమన్నాడు. మా ఇంట్లో సైన్సు చదివేది నేనొక్కణ్ణే. నీళ్ళు నమిలాను.

ఆ తర్వాత రెండు నెలలకి కాలేజీ లాబులో ఫాస్ఫేట్ ప్రయోగం వచ్చింది. ద్రావణంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, దాని మీద క్షయకరణి చుక్కలు వేస్తే నీళ్ళలాంటి ద్రావణం మెల్లగా నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రికార్డులో ఆ ప్రయోగం పేరు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చూసి మా బెంచీ మిత్రుడు ‘సబ్బరో’ అని చదివాడు, ఎవరో ఇటలీ దేశస్థుడనుకున్నాడట. మా లెక్చరర్ గారు నవ్వి, ఆయన మన భీమవరం మనిషి అని చెప్పి తర్వాతి బెంచీకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం నాన్నమ్మ రిపోర్టులోని రెండో వరస గుర్తొచ్చింది. ఆ అంకె వెనకాల ఉన్న మనిషి ఎవరా అని వెదుక్కుంటూ పోతే ఈ వ్యాసం తేలింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇంట్లో గడవడం కష్టం. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరాడనీ, తల్లి వెనక్కి లాక్కొచ్చి బడిలో కూర్చోబెట్టిందనీ చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మనలో సప్లిమెంటరీలు రాసేవాళ్ళం ఈ వాక్యం దగ్గర కాస్త ఆగవచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు రామకృష్ణ మిషన్ వైపు మనసు పోయింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. వాళ్ళే, వైద్యం చదివితే ఎక్కువ మందికి పనికొస్తావని మళ్ళించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. డబ్బు మిత్రులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సర్దారు. ఆ సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరినే 1919లో పెళ్ళి చేసుకున్నారు. అది గాంధీగారి పిలుపు దేశమంతా మార్మోగుతున్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరు కట్టి ఆపరేషన్ గదిలోకి వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టులన్నీ బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఒక మెట్టు కిందిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. మద్రాసు వైద్య సర్వీసులోనూ చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే కొలువు ఒకటి దొరికింది.

అప్పటికే స్ప్రూ అనే జబ్బు ఆయన ఇంట్లోంచి ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాలో తీసుకుపోయింది. స్ప్రూ అంటే పేగు తిన్నదాన్ని ఒంటికి పట్టనీయని జబ్బు. మనిషి ఎండి శల్యమైపోతాడు. శల్యం అంటే ఎముకే కదా. తిండిలోని కొవ్వు పేగులోంచి ఒంటికి చేరకపోతే దానితోపాటు చేరవలసిన డి విటమినూ చేరదు, అదీ చేరకపోతే కాల్షియమూ చేరదు. అలాంటి రోగులకి ఎముకలు మెత్తబడతాయి. ఆ రోజుల్లో ఈ జబ్బుకి మూలమూ తెలీదు, మందూ లేదు. ఉష్ణదేశాల జబ్బుల్ని శ్రద్ధగా చదివే చోటు హార్వర్డులో ఉందని విని సుబ్బారావు గారు అమెరికా పోదామని పట్టుబట్టారు. మామగారు కొంత పోగుచేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి వారు సాయం చేస్తామన్నారు. ఇరవై ఏడెనిమిదేళ్ళ వయసులో, భార్యని పుట్టింట్లో వదిలి, ఓడెక్కారు.

బోస్టన్‌లో దిగాక తెలిసింది, చేతిలోని పట్టాతో అక్కడ డాక్టరుగా పని దొరకదని. పగలు చదువు. రాత్రి ఆసుపత్రిలో కూలి పని, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ శాఖలో చేరారు. ఆ శాఖకి పెద్ద ఆటో ఫోలిన్ గారు, రక్తంలోని పదార్థాల్ని రంగు చూసి కొలిచే విద్యలో ఆరితేరినవాడు. ఆయన కింద సైరస్ ఫిస్క్ అనే ఆయన. ఫిస్క్ గారు సుబ్బారావు గారికిచ్చిన పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడం.

ఇది చిన్న పనిలా వినిపిస్తుంది. కాదు. మన ఒంట్లో ఉన్న భాస్వరం (మా నాన్న భాష ఇదే, సూపర్, డి.ఏ.పి. బస్తాల మీది భాస్వరం) ఏడు వందల గ్రాముల దాకా ఉంటుంది. అందులో నూటికి ఎనభై అయిదు పాళ్ళు ఎముకల్లోనూ పళ్ళలోనూ కాల్షియంతో కలిసి గట్టిపడి ఉంటుంది. రక్తంలో తిరిగేది బహు కొద్ది. ఎముక ఖజానా అనుకుంటే రక్తం బజారు. ఖజానాలోకి చేత్తో చూడలేం. బజారులో ఎంత తిరుగుతోందో చూసి లోపలి సంగతి ఊహించాలి. పెద్దవాళ్ళ రక్తరసం 100 మిల్లీలీటర్లలో ఫాస్ఫేటు రూపంలోని ఫాస్ఫరస్ రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాములు. మన విజయనగరం, శ్రీకాకుళం మెట్టల్లో పండే నువ్వుగింజ ఒక్కటి ఇంచుమించు అంత తూగుతుంది. ఆ ఒక్క గింజ ఎత్తు భాస్వరాన్ని, అదీ పరీక్షకి తీసే కాసింత రక్తంలో, తప్పు లేకుండా కొలవాలి.

అంతకు ముందే, 1920లో, బెల్, డాయిజీ అనే ఇద్దరు రంగు పద్ధతి ఒకటి చెప్పారు. దాని చిక్కు ఏమిటంటే వచ్చిన నీలం నిలవదు, చూస్తుండగానే వెలిసిపోతుంది. లాబులో తడబడే మనలాంటి వాళ్ళకి ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. సుబ్బారావు గారు రసాయనం తరవాత రసాయనం మార్చి చూసి, చివరికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణిని పట్టుకున్నారు. ముందు ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో రక్తంలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి వడపోయాలి. ఆ తేటలో మాలిబ్డేట్ వేస్తే అది ఫాస్ఫేటుతో జట్టు కడుతుంది. అప్పుడు ఈ క్షయకరణి వేస్తే ఆ జట్టు మాత్రమే నీలంగా మారుతుంది, మిగిలిపోయిన మాలిబ్డేట్ మారదు. రంగు త్వరగా వస్తుంది, నిలకడగా ఉంటుంది. తెలిసిన బలం ఉన్న ద్రావణం రంగుతో పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే లెక్క తేలిపోతుంది. 1925లో ఫిస్క్, సుబ్బారావుల పేర్లతో ఈ పద్ధతి అచ్చయింది. శాస్త్ర పత్రాల్లో ఇతరులు అత్యధికంగా పేర్కొన్న వాటిలో అదీ ఒకటి. ఇప్పుడు పెద్ద లాబుల్లో యంత్రాలొచ్చాయి, నీలం దాకా పోకుండానే కొలిచేస్తాయి. అయినా వాటిలోనూ మొదటి మెట్టు ఫాస్ఫేటుకీ మాలిబ్డేటుకీ జట్టు కట్టడమే. మన పొలం మట్టి పట్టుకెళితే భాస్వరం ఎంతుందో రాసిచ్చే భూసార పరీక్ష వెనకాలా ఈ నీలమే ఉంది.

ఇక నాన్న వేసిన ప్రశ్న దగ్గరికొస్తాను. ఎముక బలహీనపడటంలో రెండు దారులున్నాయి. మా ఊరి లెక్కలో చెప్పాలంటే, కళ్ళంలో రాశి చూడటానికి పెద్దగానే ఉన్నా గింజ తాలు కావచ్చు. లేదా గింజ గట్టిదే గాని రాశే చిన్నది కావచ్చు. పిల్లల్లో రికెట్స్, పెద్దల్లో ఆస్టియోమలేసియా మొదటి రకం. ఎముక చట్రం ఉంటుంది, అందులోకి చేరవలసిన కాల్షియం, ఫాస్ఫరస్ చేరవు. అప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ తగ్గుతుంది, ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. ఈ ఫాస్ఫటేజ్‌ని కూడా మొదటి రోజుల్లో కొలిచింది అది విడగొట్టిన ఫాస్ఫరస్ ఎంతో చూసే. ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం, రెండో రకం. ఉన్న ఎముక మంచిదే, కాకపోతే తక్కువుంది. పాత ఎముకని కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. బహిష్టులు ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ తగ్గి కరిగేది ఎక్కువ, కట్టేది తక్కువ అవుతుంది. ఇదంతా మెల్లగా ఏళ్ళ తరబడి జరుగుతుంది గనక రక్తంలోని లెక్క చెదరదు. నాన్నమ్మ కాగితం మీద మూడు వరసలూ సరిగ్గా ఉన్నాయంటే జబ్బు లేదని కాదు. మెత్తబడే జబ్బుల్ని పక్కన పెట్టవచ్చని, గుల్లబారడం సంగతి వేరేగా చూడాలని అర్థం. సుబ్బారావు గారి పరీక్ష ఆస్టియోపోరోసిస్‌ని పట్టుకోలేదు. అది కానిదాన్ని మాత్రం తేల్చగలదు. డాక్టరుకి అదీ తక్కువ సాయం కాదు.

తమాషా ఏమిటంటే ఈ తేడాని తేటతెల్లం చేసిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్ గారిదీ ఆ బోస్టనే. సుబ్బారావు గారికన్నా అయిదేళ్ళు చిన్న. ఊళ్ళోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రోగుల్ని వారాల తరబడి ఉంచుకుని, నోటిలోకి పోయే కాల్షియం, ఫాస్ఫరస్ ఎంత, బయటికి పోయేది ఎంత అని జమాఖర్చులు రాసేవాడు. 1941లో ఆయనా, ఆయన తోటివారూ బహిష్టులు ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడాన్ని వివరించారు. అలాంటి జమాఖర్చు రాయాలంటే ఫాస్ఫరస్‌ని నమ్మకంగా, వందల సార్లు కొలవగల పద్ధతి చేతిలో ఉండాలి. ఎముక సాంద్రతని నేరుగా కొలిచే సాధనం మాత్రం ఆ తరానికి లేదు. ఎక్స్‌రేలో తేడా కనబడాలంటే ఎముక మూడో వంతు దాకా పోయి ఉండాలి. 1963లో విస్కాన్సిన్‌లో కామరన్, సోరెన్సన్‌లు ఫోటాన్ కిరణాలతో కొలవడం చూపించారు. డెక్సా యంత్రాలు 1987లో వచ్చాయి. యవ్వనంలో ఉండే సగటు సాంద్రతకన్నా రెండున్నర మెట్లు కిందికి పోతే ఆస్టియోపోరోసిస్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. నాన్నమ్మకి ఆపరేషన్ తర్వాత ఆ పరీక్షా చేయించాం. గీతకి చాలా కిందనే ఉంది. చిన్నప్పట్నుంచీ చోడి అంబలి తాగిన మనిషి, చోడిలో కాల్షియం దండిగా ఉంటుంది. అయినా తొమ్మిది కాన్పులు, అరవయ్యేళ్ళు ఉభాలూ కోతలూ, ఆ తర్వాత వయసు.

మన ఉద్దానం సంగతి ఇంకోటి. కవిటి, సోంపేట, పలాస, మందస వైపు కిడ్నీలు పాడైనవాళ్ళ చేతుల్లో ఉండే ఫైళ్ళు నేను చూశాను. మా పెద్దమ్మ వాళ్ళ ఊరు అటే. అందులో ఫాస్ఫరస్ వరస మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. కిడ్నీ సరిగా ఉంటే తిండిలోని మిగులు ఫాస్ఫరస్‌ని బయటికి పంపేస్తుంది. కిడ్నీ పోతే అది రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకలోంచి కాల్షియం లాగడం మొదలుపెడతాయి. డయాలిసిస్ మంచం మీది మనిషికి ఒళ్ళు నొప్పులు, ఎముకల నొప్పులు ఊరికే రావు. అక్కడ ఆ వరసలోని అంకె నాన్నమ్మ కాగితంలోలాగా పక్కకి తప్పుకోదు. ఆ అంకె చూసే తిండి మారుస్తారు, మాత్రలు మారుస్తారు.

సుబ్బారావు గారు నీలం రంగుని అక్కడితో వదల్లేదు. కండరం నుంచి తీసిన రసంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే రంగు ఉండవలసినంత వేగంగా రావడం లేదు. మెల్లగా, విడతలు విడతలుగా చిక్కనవుతోంది. ఇంకొకరైతే ప్రయోగం చెడిందని పారబోసేవారు. (నేను చాలాసార్లు పారబోశాను.) కండరంలో ఏదో పదార్థం ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేటు వదులుతోందని ఆయన, ఫిస్క్ గారూ గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టాడు. మనం ఇంటర్ నుంచీ బట్టీ పట్టే ఏ.టి.పి. అదే.

1930లో పిహెచ్.డి. వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం రాలేదు. ఫిస్క్ గారికి ప్రమోషన్ వచ్చే వేళ పని అంతా ఆయనదేనని చెప్పి సుబ్బారావు గారు తాను వెనక్కి తగ్గారని అంటారు. ఆ శాఖలోనే చదువుకుని 1988లో నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్ గారు ఇంకో మాట రాశారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ళ తరవాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టుకోవలసి వచ్చిందని ఆయన అభిప్రాయం. ఈ రెండు మాటల్లోనూ నిజముండవచ్చు. నాకైతే మొదటిదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. త్వరలోనే పరిశోధనకి డైరెక్టరయ్యారు. అక్కడి పనే ఆయన్ని మన పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చింది గనక త్వరగా చెప్పి ముగిస్తాను. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బడిలో వారం వారం మన చేత మింగించిన నీలం మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది అదే. 1947లో హెట్రజాన్ వచ్చింది. బోదకాలు మాత్రలని మన ఊళ్ళలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. అదే మందు. ఆయన దగ్గర బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమైనోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు రక్తకాన్సరు పిల్లలకిచ్చి తాత్కాలికంగానైనా గుణం చూపించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఇవాళ కాన్సరుకీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. ఆ మందుని పెద్ద మోతాదుల్లో దీర్ఘకాలం వాడిన పిల్లల్లో కొందరికి ఎముకలు పలచబడి విరిగాయని తర్వాతి డాక్టర్లు గమనించారు. మంచి మందుకీ ఎముక దగ్గర ఒక ఖర్చు ఉంది.

స్ప్రూ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఉష్ణదేశాల స్ప్రూకి ఇప్పటి వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటికీ మూలం ఆయన లాబే. రెండూ అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ పైమాటకి వచ్చాయి.

శేషగిరి గారి గురించి పుస్తకాల్లో కొద్ది వాక్యాలే దొరుకుతాయి. భర్త వెళ్ళాక కొడుకు పుట్టాడు. తండ్రిని చూడకుండానే, ఏడాది నిండకుండానే పోయాడు. కొన్నేళ్ళలో వస్తానన్న మనిషి రాలేదు. ఇరవయ్యేళ్ళు దాటినా రాలేదు. ఉత్తరాలు మాత్రం వచ్చేవి. ఆయన అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు, ఈ దేశానికి తిరిగి అడుగు పెట్టనూ లేదు. మా ఊళ్ళో కూడా భర్తలు చెన్నై, హైదరాబాద్ పనులకి పోతే ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్ళున్నారు, వాళ్ళు పండక్కైనా మనిషి వస్తాడని ఎదురు చూస్తారు. లాబులో అంత ఓపిక చూపిన మనిషి ఇక్కడ ఎందుకిలా చేశాడో నాకు అర్థం కాలేదు. ఆయన మీద గౌరవం తగ్గలేదు గాని, ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్ళకి, మన తపాలా శాఖ బిళ్ళ వేసింది.

నాన్నమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తోంది. ఆ పాత రిపోర్టు కాగితం పట్టాదారు పుస్తకంతోపాటు ట్రంకుపెట్టెలో దాచింది. రెండో వరస కింద నేను పెన్సిలుతో గీత గీసి పక్కన తెలుగులో సుబ్బారావు అని రాశాను. మన ఊరి కరణం పేరెందుకు రాశావని అడిగింది.